సర్వర్ బ్యాకప్ ర్యామ్ మింగేస్తోందా? జీబీలు కాదు, ముక్కలు లెక్కపెట్టండి

ఫోన్‌లో ర్యామ్ నిండితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. గేమ్ ఆడుతూ మధ్యలో ఒక మెసేజ్ చూసి తిరిగొచ్చేసరికి గేమ్ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. వెనకాల ఉన్న యాప్‌ని ఆండ్రాయిడ్ చంపేసింది, అంతే. చిరాకు తప్ప పెద్ద నష్టమేం లేదు.

సర్వర్‌లో ఇదే జరిగితే మాత్రం కథ వేరు. అర్ధరాత్రి బ్యాకప్ మొదలవుతుంది. ర్యామ్ నిండుతుంది. లైనక్స్ కెర్నెల్‌కి ఎవర్నో ఒకర్ని చంపక తప్పదు. బ్యాకప్‌ని చంపితే ఆ రోజు బ్యాకప్ లేనట్టే. డేటాబేస్‌ని చంపితే సైటే పడిపోతుంది.

1 జీబీ, 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని సొంత ప్రాజెక్టులు నడిపేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై పెట్టుకున్నవాళ్లకీ ఇదే సమస్య. ఇలాంటప్పుడు ఎక్కువమంది రెండిట్లో ఒకటి చేస్తారు. పెద్ద ప్లాన్‌కి మారిపోతారు, లేదా "తర్వాత చూద్దాం" అని బ్యాకప్ ఆపేస్తారు. మొదటిది డబ్బు దండగ కావచ్చు. రెండోది మాత్రం కచ్చితంగా ప్రమాదం. ఈ రెండూ అవసరం లేకుండా అసలు కారణం ఎలా పట్టుకోవాలో ఈ ఆర్టికల్‌లో వరుసగా చూద్దాం. ఉదాహరణకి రెస్టిక్ అనే ఓపెన్ సోర్స్ బ్యాకప్ టూల్ తీసుకుంటున్నా. నేను రోజూ వాడేది అదే. కానీ ఇక్కడ చెప్పే పద్ధతి ఏ టూల్‌కైనా పనికొస్తుంది.

1. ముందు అది నిజంగా సమస్యేనా?

టెర్మినల్‌లో ఫ్రీ కమాండ్‌ని హెచ్ ఆప్షన్‌తో రన్ చేయండి. ఫ్రీ అనే కాలమ్‌లో 90 ఎంబీ కనబడితే కంగారు పడొద్దు. మీరు చూడాల్సింది చివర్లో ఉండే అవైలబుల్ కాలమ్.

ఎందుకంటే లైనక్స్ ఖాళీ ర్యామ్‌ని ఖాళీగా ఉంచదు. డిస్క్ నుంచి చదివిన ప్రతి ఫైల్‌నీ పేజ్ క్యాష్‌లో దాచుకుంటుంది. బ్యాకప్ అంటేనే డిస్క్ మొత్తం చదివే పని కాబట్టి, అది నడిచిన ప్రతిసారీ పేజ్ క్యాష్ ఉబ్బిపోతుంది. ఏదైనా ప్రోగ్రామ్‌కి ర్యామ్ కావాలంటే కెర్నెల్ ఆ క్యాష్‌ని వదిలేస్తుంది. అలా వదిలిపెట్టగలిగేది కూడా కలిపి వేసిన అంచనానే అవైలబుల్. ర్యామ్ క్లీనర్ యాప్‌లు ఫోన్‌కి పెద్దగా మేలు చేయవని మనం చెప్పుకునేదీ ఇందుకే. ఖాళీ ర్యామ్ గొప్పేం కాదు, కావాలన్నప్పుడు దొరికే ర్యామ్ గొప్ప.

ఇంకో చోట కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. బ్యాకప్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపి, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూస్తే మెమరీ అని ఒక లైన్ వస్తుంది. అక్కడ 1.4 జీబీ అని ఉంటే బ్యాకప్ టూల్ అంతా తినేసిందని అర్థం కాదు. ఆ అంకెలో పేజ్ క్యాష్ కూడా కలిసి ఉంటుంది. సరైన లెక్క కావాలంటే ఆ సర్వీస్ సీగ్రూప్ ఫోల్డర్‌లో మెమరీ డాట్ స్టాట్ ఫైల్ తెరవండి. అందులో యానన్ అనే లైన్ ప్రోగ్రామ్ సొంతంగా వాడే ర్యామ్. ఫైల్ అనే లైన్ క్యాష్. యానన్ తక్కువ, ఫైల్ ఎక్కువ ఉంటే హాయిగా నిద్రపోవచ్చు.

2. చచ్చింది ఎవరో లాగ్‌లో చూడండి

అవైలబుల్ నిజంగానే సున్నాకి దగ్గరవుతుంటే, తర్వాతి అడుగు కెర్నెల్ లాగ్. జర్నల్‌సీటీఎల్‌కి కే ఆప్షన్ ఇస్తే కెర్నెల్ సందేశాలు మాత్రమే వస్తాయి. అందులో "అవుట్ ఆఫ్ మెమరీ", "కిల్డ్ ప్రాసెస్" అనే మాటల కోసం వెతకండి. చచ్చిన ప్రాసెస్ పేరు, దాని పక్కనే యానన్-ఆర్ఎస్ఎస్ అని అది వాడుతున్న ర్యామ్ కేబీల్లో ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ర్యామ్ ఎవరివల్ల నిండిందో వాళ్లనే కెర్నెల్ చంపుతుందని గ్యారంటీ లేదు. సాధారణంగా ఆ క్షణానికి ఎక్కువ ర్యామ్ పట్టుకుని కూర్చున్నది ఎవరో చూసి దాన్ని ఎంచుకుంటుంది. చిన్న సర్వర్‌లో అది చాలాసార్లు డేటాబేసే. అంటే అల్లరి చేసింది ఒకరు, దెబ్బ తిన్నది ఇంకొకరు.

ఒకవేళ చచ్చింది బ్యాకపే అయితే స్క్రిప్ట్‌కి 137 అనే ఎగ్జిట్ కోడ్ వస్తుంది. 128కి సిగ్నల్ నంబర్ 9 కలిపితే 137. ఈ నంబర్ కనబడితే ప్రోగ్రామ్ దానంతటది ఆగలేదు, బయటి నుంచి ఎవరో బలవంతంగా ఆపారని అర్థం.

3. అంచనా వద్దు, కొలవండి

టాప్‌లో కనిపించే వర్ట్ కాలమ్‌ని పట్టించుకోకండి. అది ప్రోగ్రామ్ తన పేరు మీద రాయించుకున్న అడ్రస్ స్పేస్ మాత్రమే. గో భాషలో రాసిన ప్రోగ్రామ్‌లకి అది భారీగా కనిపిస్తుంది, రెస్టిక్ కూడా గోలో రాసిందే. చూడాల్సింది రెస్ కాలమ్, అంటే నిజంగా ర్యామ్‌లో కూర్చున్నది.

అర్ధరాత్రి దాకా మేలుకుని టాప్ చూడక్కర్లేదు. యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్‌లో ఉండే టైమ్ ప్రోగ్రామ్‌ని వీ ఆప్షన్‌తో బ్యాకప్ కమాండ్ ముందు పెట్టండి. పని అయ్యాక "మ్యాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్" అని ఒక లైన్ ప్రింట్ చేస్తుంది. మొత్తం రన్‌లో ర్యామ్ ఎంత ఎత్తుకి వెళ్లిందో అదే, కేబీల్లో. మీరు చేసే ప్రతి మార్పుకి ముందు, తర్వాత ఈ అంకె రాసుకోండి. ఇది లేకుండా చేసే ట్యూనింగ్ అంతా గాల్లో దీపమే.

ఇంకో ప్రశ్న: ఇది మెమరీ లీకా? రాత్రి మొదలై పని అవ్వగానే ఎగ్జిట్ అయ్యే టూల్‌లో లీక్ ఉన్నా అది ఆ రాత్రితోనే పోతుంది. ప్రాసెస్ ముగిస్తే ర్యామ్ అంతా కెర్నెల్‌కి తిరిగొచ్చేస్తుంది. కాబట్టి రోజురోజుకీ గరిష్ఠ అంకె పెరుగుతోందంటే లీక్‌ని అనుమానించే ముందు, దానికి ఇస్తున్న పని పెరుగుతోందేమో చూడండి. ఎప్పుడూ బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఏజెంట్ రకం టూల్ అయితేనే లీక్ అనే మాటకి బలం.

4. బ్యాకప్ అంటే ఒక్క ప్రోగ్రామ్ కాదు

చాలా స్క్రిప్టుల్లో మూడు నాలుగు పనులు వరుసగా ఉంటాయి. డేటాబేస్ డంప్, కంప్రెషన్, ఆ తర్వాత అసలు బ్యాకప్ టూల్. ర్యామ్ ఎక్కడ పోతోందో విడివిడిగా కొలవాలి.

డంప్: మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి క్విక్ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే టేబుల్‌ని వరుస తర్వాత వరుస తెచ్చి వెంటనే బయటికి రాసేస్తుంది. ఆఫ్‌లో ఉంటే టేబుల్ మొత్తాన్ని ముందు ర్యామ్‌లోకి లాక్కుంటుంది. డిఫాల్ట్‌గా ఇది ఆన్‌లోనే ఉంటుంది. కానీ ఎక్కడో కాపీ చేసిన స్క్రిప్ట్‌లో స్కిప్-ఆప్ట్ అని ఉంటే దాంతోపాటు క్విక్ కూడా పోతుంది. ఒకసారి స్క్రిప్ట్ తెరిచి చూసుకోండి.

కంప్రెషన్: ఎక్స్‌జెడ్‌ని లెవెల్ 9లో వాడితే కంప్రెస్ చేయడానికే 674 ఎంబీ కావాలని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. డిఫాల్ట్ లెవెల్ 6కి 94 ఎంబీ చాలు. థ్రెడ్లు పెంచితే ఇది ఇంకా పెరుగుతుంది. 1 జీబీ సర్వర్‌లో లెవెల్ 9 పెట్టడమంటే ఆటోలో ఏనుగుని ఎక్కించడమే. జీజిప్ అయితే 32 కేబీ విండోతో పని కానిచ్చేస్తుంది.

టెంప్ ఫోల్డర్: ఇది ఎవరికీ తట్టని చోటు. కొన్ని లైనక్స్ వెర్షన్లలో టీఎంపీ ఫోల్డర్ డిస్క్ మీద ఉండదు, టీఎంపీఎఫ్ఎస్ రూపంలో ర్యామ్‌లోనే ఉంటుంది. ఫెడోరాలో ఎప్పటినుంచో ఇంతే. 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా డిఫాల్ట్‌గా ఇలాగే మారింది. మీరు 700 ఎంబీ డంప్‌ని టీఎంపీలో రాశారంటే 700 ఎంబీ ర్యామ్ పోయినట్టే. టాప్‌లో ఏ ప్రాసెస్ పక్కనా ఇది కనబడదు. ఫ్రీ కమాండ్‌లో షేర్డ్ అనే కాలమ్ ఉన్నట్టుండి పెరిగితే ఇదే కారణం కావచ్చు. రెస్టిక్ కూడా కొన్ని తాత్కాలిక ఫైళ్లు టీఎంపీలోనే పెడుతుంది. టీఎంపీడీఐఆర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని డిస్క్ మీద ఉన్న ఫోల్డర్‌కి తిప్పితే సరి.

5. అసలు విషయం: ముక్కల లెక్క

పైవన్నీ చూసినా ర్యామ్ తగ్గలేదంటే ఇక మిగిలింది బ్యాకప్ టూలే. ఇక్కడే చాలామంది "నా డేటా 10 జీబీయే కదా, ఇంత ర్యామ్ ఎందుకు?" అని తికమకపడతారు. ప్రశ్నే తప్పు. జీబీలతో దీనికి పెద్దగా సంబంధం లేదు.

రెస్టిక్, బోర్గ్ లాంటి టూల్స్ డీడూప్లికేషన్ చేస్తాయి. అంటే ఫైల్‌ని ముక్కలుగా కోసి, ఒకసారి దాచిన ముక్కని రెండోసారి దాచవు. రెస్టిక్ ముక్క 512 కేబీ నుంచి 8 ఎంబీ దాకా ఉంటుంది, సగటున 1 ఎంబీ దగ్గర ఉండేలా కోస్తుంది. ప్రతి ముక్కకీ ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ వేసి అదే దాని ఐడీగా వాడుతుంది. "ఈ ముక్క ఇప్పటికే ఉందా?" అని లక్షలసార్లు అడగాలి కాబట్టి మొత్తం ముక్కల జాబితాని, అంటే ఇండెక్స్‌ని, ర్యామ్‌లో పెట్టుకుంటుంది.

ఐడీ ఒక్కటే 32 బైట్లు. ఆ ముక్క ఏ ప్యాక్ ఫైల్‌లో ఉంది, ఎక్కడ మొదలవుతుంది, పొడవెంత అనే వివరాలు కలిపితే ముక్కకి ఉజ్జాయింపుగా 64 బైట్లు అనుకుందాం. ఇప్పుడు రెండు ఫోల్డర్లు పోల్చి చూడండి.

మొదటిది 500 జీబీ వీడియోలు. ముక్క 1 ఎంబీ చొప్పున సుమారు 5 లక్షల ముక్కలు. ఇండెక్స్‌కి 32 ఎంబీ.

రెండోది 4 కేబీ ఫైళ్లు 18 లక్షలు. మొత్తం సైజు 7 జీబీ చిల్లర. కానీ 512 కేబీ కన్నా చిన్న ఫైల్ ఎంత చిన్నదైనా దానికంటూ ఒక ముక్క కావాలి. అంటే 18 లక్షల ముక్కలు. ఇండెక్స్‌కి 115 ఎంబీ.

7 జీబీ ఫోల్డర్ 500 జీబీ ఫోల్డర్ కన్నా మూడు రెట్లకు పైగా ర్యామ్ తింటోంది! బస్తా బియ్యం మోయడం తేలికే, గింజలు లెక్కపెట్టమంటేనే కష్టం.

ఇక రెండు విషయాలు దీన్ని ఇంకా పెంచుతాయి. ఒకటి, ఇండెక్స్ అంటే ఇవాళ్టి ఫైళ్లది మాత్రమే కాదు, రిపాజిటరీలో ఉన్న పాత స్నాప్‌షాట్లన్నింటిదీ. నాలుగు సర్వర్లు ఒకే రిపాజిటరీకి బ్యాకప్ అవుతుంటే, అందులో అతి చిన్న సర్వర్ కూడా మిగతా మూడింటి ఇండెక్స్‌ని మోయాలి. రెండు, గో భాష గార్బేజ్ కలెక్టర్. గో సొంత డిఫాల్ట్ సెట్టింగ్‌లో అది వాడుకలో ఉన్న మెమరీకి దాదాపు రెండింతలు అయ్యేదాకా శుభ్రం చేయడానికి తొందరపడదు. కొత్త రెస్టిక్ వెర్షన్లు దీన్ని తగ్గించి ఒకటిన్నర రెట్ల దగ్గరే శుభ్రం చేయిస్తాయి, అయినా 300 ఎంబీ ఇండెక్స్ 450 ఎంబీగా కనబడొచ్చు.

6. ఒక నిజమైన కేసు

నా ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్ మాక్ టెస్టుల సైట్ నడుపుతాడు. 2 జీబీ సర్వర్. వారంలో రెండు మూడు రోజులు తెల్లారేసరికి డేటాబేస్ ఆగిపోయి ఉండేది. విచిత్రం ఏంటంటే బ్యాకప్ లాగ్‌లో మాత్రం రోజూ "సక్సెస్". ఉదయం ఆరింటికి టెస్ట్ రాద్దామని లాగిన్ అయ్యే పిల్లలకి ఎర్రర్ పేజీ. పరీక్షల సీజన్. వాడు విసిగిపోయి "నెలరోజులు బ్యాకప్ ఆపేస్తానురా" అన్నాడు. పిల్లల మార్కులన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి, ఇంకో కాపీ ఎక్కడా లేదు. "ఒక్కరోజు ఆగరా" అని లాగిన్ వివరాలు తీసుకున్నా.

కెర్నెల్ లాగ్‌లో చచ్చింది డేటాబేసే, టైమ్ మాత్రం సరిగ్గా బ్యాకప్ నడిచే టైమ్. టైమ్ ప్రోగ్రామ్‌తో కొలిస్తే రెస్టిక్ గరిష్ఠంగా 710 ఎంబీ దాకా వెళ్తోంది. డేటా చూస్తే మొత్తం 11 జీబీ. అప్పుడు రెస్టిక్ స్టాట్స్ కమాండ్‌ని రా-డేటా మోడ్‌లో రన్ చేశా. అది "టోటల్ బ్లాబ్ కౌంట్" అని ముక్కల సంఖ్య చెబుతుంది. 45 లక్షలు!

11 జీబీకి 45 లక్షల ముక్కలెలా? డీయూ కమాండ్‌కి ఐనోడ్స్ ఆప్షన్ ఇస్తే ప్రతి ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో వస్తుంది. సైట్ వేగంగా తెరుచుకోవడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే పేజీల క్యాష్ ఫోల్డర్‌లో దగ్గర దగ్గర 3 లక్షల ఫైళ్లు. రోజూ అవన్నీ కొత్తగా తయారవుతాయి, ప్రతి పేజీలో తయారైన టైమ్ కూడా ఉంటుంది. అందువల్ల నిన్నటి ముక్క ఇవాళ్టి ముక్కతో కలవదు. 14 రోజుల స్నాప్‌షాట్లు ఉంచుతున్నాడు కాబట్టి 3 లక్షలు ఇంటూ 14, అంటే 42 లక్షలు. లెక్క సరిపోయింది. ఆ ఫోల్డర్ పోయినా సైట్‌కి ఏమీ కాదు, మళ్లీ తయారవుతుంది. బ్యాకప్‌లో ఉండాల్సిన అవసరమే లేదు.

7. పరిష్కారాలు: ఈ వరుసలోనే చేయండి

మొదటిది, అవసరం లేనివి తీసేయండి. క్యాష్ ఫోల్డర్లు, సెషన్ ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్, థంబ్‌నెయిల్స్ లాంటివి ఎక్స్‌క్లూడ్ లిస్ట్‌లో పెట్టండి. సులువైన పరీక్ష ఒకటుంది: "ఇది పోతే మళ్లీ తయారవుతుందా?" అవును అంటే బ్యాకప్‌లో వద్దు.

రెండోది, పాత చరిత్ర తగ్గించండి. ఇవాళ ఎక్స్‌క్లూడ్ చేసినంత మాత్రాన ఇండెక్స్ రేపే తగ్గదు, పాత స్నాప్‌షాట్లలో ఆ ముక్కలు ఉంటాయి కదా. 2023 మొదట్లో వచ్చిన రెస్టిక్ 0.15 నుంచి రీరైట్ కమాండ్ ఉంది. ఫర్‌గెట్ ఆప్షన్‌తో వాడితే పాత స్నాప్‌షాట్ల నుంచి కూడా ఆ ఫోల్డర్‌ని తీసేయొచ్చు. ఆ తర్వాత ప్రూన్ నడిపితేనే ముక్కలు నిజంగా పోతాయి. ఫర్‌గెట్ ఒక్కటే చేస్తే స్నాప్‌షాట్ పేరు పోతుంది గానీ ముక్కలు అలాగే ఉంటాయి.

జాగ్రత్త, ప్రూన్‌కి మామూలు బ్యాకప్ కన్నా ఎక్కువ ర్యామ్ కావాలి. ఏ ముక్క వాడుకలో ఉందో, ఏది లేదో కూడా అది గుర్తుపెట్టుకోవాలి. కానీ దాన్ని ఆ చిన్న సర్వర్‌లోనే నడపాలని రూలేం లేదు. రిపాజిటరీ అడ్రస్, పాస్‌వర్డ్, స్టోరేజ్‌లో చెరిపే అనుమతి ఉంటే మీ ల్యాప్‌టాప్ నుంచే నడపొచ్చు. నేను అలాగే చేశా. మధ్యలో ఏదైనా ఆగిపోయి పాత లాక్ మిగిలిపోతే అన్‌లాక్ కమాండ్ దాన్ని తీసేస్తుంది.

మూడోది, రిపాజిటరీలు విడదీయండి. చిన్న సర్వర్‌ని పెద్ద సర్వర్‌తో ఒకే రిపాజిటరీలో కట్టేయకండి. డీడూప్లికేషన్ లాభం కొంచెం తగ్గొచ్చు, కానీ ఎవరి బరువు వాళ్లే మోస్తారు.

నాలుగోది, చిన్న ఫైళ్లు తప్పక ఉంచాల్సినవైతే మూటకట్టండి. టార్‌తో ఒక స్ట్రీమ్‌గా చేసి రెస్టిక్‌కి ఇస్తే, ముందు చెప్పిన 18 లక్షల ఫైళ్లు హెడర్లతో కలిపి 8 జీబీ చిల్లర అవుతాయి. ముక్కలు మాత్రం సుమారు 8 వేలే. నష్టం కూడా చెప్పాలి. ఒక్క ఫైల్ కావాలన్నా టార్ నుంచి బయటికి తీయాలి. మారని ఫైళ్లని కూడా రోజూ మొత్తం చదవాలి. ఆలోచించుకుని చేయండి.

ఐదోది, ముందే కంప్రెస్ చేసిన డంప్ ఇవ్వకండి. డేటాబేస్‌లో ఒక్క వరుస మారినా జీజిప్ అవుట్‌పుట్ అక్కడినుంచి మొత్తం మారిపోతుంది. డీడూప్లికేషన్ పనిచేయదు, రోజూ కొత్త ముక్కలే. డంప్‌ని అలాగే ఇచ్చేయండి. 2022లో వచ్చిన 0.14 నుంచి రెస్టిక్ తనే కంప్రెస్ చేస్తుంది, రిపాజిటరీ వెర్షన్ 2 అయి ఉంటే చాలు.

చివరిది, గో సెట్టింగ్. జీఓజీసీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ గో భాషలో డిఫాల్ట్‌గా 100, కొత్త రెస్టిక్ వెర్షన్లలో 50. దాన్ని 20 చేస్తే గార్బేజ్ కలెక్టర్ తొందరగా లేచి శుభ్రం చేస్తుంది. ర్యామ్ తగ్గుతుంది, బదులుగా సీపీయూ ఎక్కువ వాడుతుంది. అర్ధరాత్రి సీపీయూ ఎలాగూ ఖాళీయే కాబట్టి బేరం మంచిదే. దీన్ని కావాలనే చివర్లో పెట్టాను. 45 లక్షల ముక్కల్ని అలాగే ఉంచి ఈ ఒక్కటి మారిస్తే రెండు నెలలు గడుస్తాయేమో, ముక్కలు పెరిగాక మళ్లీ అదే సమస్య.

ఫ్రెండ్ సర్వర్‌లో మొదటి రెండూ చేసి, ఆఖరిది కలిపాం. గరిష్ఠ ర్యామ్ 710 ఎంబీ నుంచి 150 ఎంబీ లోపుకి వచ్చింది. ప్లాన్ మార్చలేదు, బ్యాకప్ ఆపలేదు.

8. కంచె కట్టండి

రేపు ఇంకేదో ఫోల్డర్ ఉబ్బొచ్చు. అప్పుడు కూడా డేటాబేస్ బతకాలి. బ్యాకప్‌ని క్రాన్ బదులు సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపితే మూడు సెట్టింగులు చేతికొస్తాయి.

మెమరీహై: ఈ గీత దాటితే కెర్నెల్ ఆ సర్వీస్‌ని నెమ్మదింపజేసి, దాని పేజ్ క్యాష్‌ని వెనక్కి లాక్కుంటుంది. మెమరీమ్యాక్స్: ఇది గట్టి గోడ. దాటాలని చూస్తే చచ్చేది ఆ సర్వీస్‌లోని ప్రాసెసే, పక్కవాళ్లు కాదు. ఓఓఎమ్‌స్కోర్‌అడ్జస్ట్: దీన్ని 500 లాంటి పెద్ద అంకె పెడితే, సర్వర్ మొత్తం ర్యామ్ అయిపోయినప్పుడు కూడా కెర్నెల్ చూపు ముందు బ్యాకప్ మీదే పడుతుంది. మైనస్ 1000 నుంచి 1000 దాకా ఇవ్వొచ్చు.

బ్యాకప్ చస్తే రేపు మళ్లీ నడపొచ్చు. డేటాబేస్ చస్తే అప్పుడే రాస్తున్నవాళ్ల టెస్ట్ పోతుంది. ఎవరు ముందో మనమే చెప్పాలి, కెర్నెల్‌కి వదిలేయకూడదు.

9. "సక్సెస్" అనే మాటని నమ్మకండి

ర్యామ్ సమస్యల్లో అన్నిటికన్నా భయంకరమైనది సైట్ పడిపోవడం కాదు. సగం బ్యాకప్ పూర్తి బ్యాకప్‌లా కనిపించడం.

డంప్‌ని పైప్‌తో జీజిప్‌కి, అక్కడినుంచి అప్‌లోడ్‌కి పంపే స్క్రిప్ట్ అనుకోండి. డంప్ మధ్యలో చచ్చింది. జీజిప్‌కి ఇన్‌పుట్ అయిపోయిందనే తెలుస్తుంది, ఎవరో చచ్చారని తెలియదు. వచ్చినంతవరకు చక్కగా మూటకట్టి సున్నా కోడ్‌తో బయటికొస్తుంది. బ్యాష్ మామూలుగా పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే పట్టించుకుంటుంది. లాగ్‌లో సక్సెస్. ఫైల్‌లో సగం టేబుళ్లు.

అందుకే స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ సెట్ చేయండి. ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం పైప్ ఫెయిల్ అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌డంప్ పూర్తయితే డిఫాల్ట్‌గా చివరి లైన్‌లో "డంప్ కంప్లీటెడ్" అని కామెంట్ రాస్తుంది, అది ఉందో లేదో చెక్ చేయండి. 2024లో వచ్చిన రెస్టిక్ 0.17లో స్టడ్ఇన్-ఫ్రమ్-కమాండ్ అనే ఆప్షన్ ఉంది. డంప్ కమాండ్‌ని రెస్టిక్ తనే నడుపుతుంది, అది ఫెయిలైతే స్నాప్‌షాట్ సేవ్ చేయదు.

ఆఖరి పరీక్ష ఒక్కటే, రిస్టోర్. నెలకోసారి తాజా స్నాప్‌షాట్ నుంచి డంప్ బయటికి తీసి, ల్యాప్‌టాప్‌లో ఖాళీ డేటాబేస్‌లోకి ఇంపోర్ట్ చేయండి. పెద్ద టేబుల్‌లో చివరి వరుస తేదీ చూడండి. బ్యాకప్ జరిగిన రాత్రిదే అయితే ఆ నెలకి నిశ్చింత. లేకపోతే పై తొమ్మిది సెక్షన్లలో రెండో దగ్గర, అంటే కెర్నెల్ లాగ్ దగ్గర, మళ్లీ మొదలుపెట్టండి.

ఈ రాత్రికి మాత్రం ఒక్క పని చేయండి. మీ సర్వర్‌లో లాగిన్ అయి, ఎన్ని జీబీలున్నాయో కాకుండా ఎన్ని ఫైళ్లున్నాయో లెక్కపెట్టండి. డీఎఫ్ కమాండ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే క్షణంలో వచ్చేస్తుంది. ఆ అంకె మీరు ఊహించినదానికన్నా చాలా పెద్దదైతే, బ్యాకప్ ర్యామ్ ఎటు పోతోందో సగం తెలిసిపోయినట్టే.